పదివేల సందేశాలు, ఒక మెమో

నాకిచ్చిన మెమోలో నాలుగు వరుసలున్నాయి. మొదటి రెండు వరుసల్లో, కంప్యూటర్ ఆపరేటర్ సందేశాలను సకాలంలో తొలగించనందువల్ల చెరుకు యార్డులో చీటీల పని ఏడు గంటలు ఆగిపోయిందని ఉంది. తర్వాతి రెండు వరుసల్లో, అదే ఆపరేటర్ అనుమతి లేకుండా సందేశాలను తొలగించిందని ఉంది. తొలగించనందుకు ఒక తప్పు, తొలగించినందుకు ఇంకో తప్పు. రెండూ ఒకే కాగితం మీద, ఒకే సంతకం కింద. అడుగున "పై తప్పును అంగీకరిస్తున్నాను" అని ముందే టైపు చేసి, నా సంతకానికి చోటు వదిలారు. నేను ఏమంటానో అడగకముందే నా ఒప్పుకోలు టైపయిపోయింది.

ఆ చోట నేను సంతకం పెట్టాలా వద్దా అన్నదే నాకూ ఆ ఆఫీసుకూ నలభై నెలలు నడిచిన తగువు. పేర్లు రాయను. సంవత్సరం కూడా రాయను; రాస్తే బోధన్‌లో ఎవరెవరో ఇట్టే పోల్చుకుంటారు. తొంభైల నడుమ అనుకుంటే చాలు. మిగతా లెక్కలన్నీ మాత్రం ఉన్నవి ఉన్నట్టు రాస్తాను. అవి నా డైరీలో ఉన్నాయి.

నేను చక్కెర ఫ్యాక్టరీ చెరుకు విభాగంలో పద్నాలుగేళ్లు టైపిస్టును. రోజూ నిజామాబాద్ నుంచి పొద్దున బస్సెక్కి, ఎడపల్లి మీదుగా బోధన్ చేరేసరికి గంట పట్టేది. ఫ్యాక్టరీకి కంప్యూటర్ వచ్చినప్పుడు, రిజిస్టర్లలో కొట్టివేతలు లేకుండా రాస్తానని నన్నే ఎంచి, హైదరాబాద్‌లో పది రోజులు శిక్షణ ఇప్పించారు. అది ఇప్పుడు ప్రతి బల్ల మీదా కనిపించే కంప్యూటర్ కాదు. అలాగని గది నిండా ఉండే మహా యంత్రమూ కాదు. మధ్యరకం. ఇనప బీరువా అంత ఉండి, నాలుగు తెరలకు తీగలు పంపేది: గేటు దగ్గర ఒక టెర్మినల్, బండ్లు తూచే కాంటా దగ్గర ఒకటి, మా గదిలో రెండు. నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు.

చెరుకు బండి గేటు దగ్గరకు రాగానే అక్కడి గుమాస్తా బండి నంబరు, రైతు పాసు నంబరు కొడతాడు. ఐదు నిమిషాలకోసారి యంత్రం ఎవరూ పిలవకుండానే లేచి, గేటు దగ్గర చేరిన నంబర్లన్నీ తీసుకుని, వరుస కట్టి, కాంటా చీటీలు అచ్చు వేస్తుంది. చీటీ లేనిదే బండి కాంటా ఎక్కదు. మనం ముందు వేరే పని చేసుకుంటుంటే ఇది వెనక తన పని తాను చేసుకుంటూ ఉంటుంది. లేచినప్పుడు "పని మొదలైంది" అని, ముగించినప్పుడు "పని పూర్తయింది" అని ఆపరేటర్‌కు రెండు సందేశాలు వదులుతుంది. అవి ఒకదాని కింద ఒకటి చేరే చోటును మెసేజ్ క్యూ అంటారు. చదివి తుడిచేస్తే పోతాయి. తుడవకపోతే పేరుకుంటాయి. దానికి ఒక హద్దు ఉంటుంది. హద్దు నిండితే, కొత్త సందేశం పెట్టబోయిన పని పెట్టలేక అక్కడే నిలబడిపోతుంది. ఇందులో అర్థం కానిదేమీ లేదు. బస్సు నిండితే కండక్టర్ తలుపు వేసినట్టే.

ఆ ఏడు ఫ్యాక్టరీలో చెరుకు గానుగ మొదలైన రెండో రోజు మా సూపరింటెండెంట్ నా వెనక నిలబడి తెర చూశాడు.

"ఇవేందమ్మా, గిన్ని వచ్చినయ్?"

"మిషన్ పంపుతది సార్. పని అయినప్పుడల్లా చెప్తది."

"ఎవరికి?"

"నాకు."

"నువ్వెవరు? ఆఫీసు మనిషివి. నీకొస్తే ఆఫీసుకొచ్చినట్టే. ఇన్వర్డ్ చేసినవా?"

"గివి కాగితాలు కావు సార్."

"ఫోన్ల చెప్పిన మాట కాగితమా? దాన్ని ఇన్వర్డ్ చేస్తలేమా?"

మా ఆఫీసులో బయటి నుంచి వచ్చిన ప్రతి కాగితానికీ ఇన్వర్డ్ రిజిస్టర్‌లో నంబరు పడాలి. నంబరు పడితేనే అది ఉన్నట్టు. ఆయనకు ఆ పట్టుదల ఎందుకో నాకు తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏదో కాగితం కనబడకుండా పోతే, ఆయన్ని ఆరు నెలలు పని లేని కుర్చీలో కూర్చోబెట్టారట. ఆ భయం ఆయనది. దాని బరువు నా చేతి మీద పడింది. సాయంత్రానికల్లా లిఖితపూర్వకంగా ఉత్తర్వు ఇచ్చాడు: ఇన్వర్డ్ నంబరు పడని ఏ సందేశాన్నీ తొలగించరాదు; ఇన్వర్డ్ పని పగటి డ్యూటీలోనే జరగాలి; తొలి రోజు సందేశాలతో సహా అన్నీ ఎక్కించాలి. పగటి డ్యూటీ అంటే నేను.

కొత్త రిజిస్టర్ తెరిచాను. వరుస నంబరు, తేదీ, సమయం, ఎవరి నుంచి, విషయం, తీసుకున్న చర్య. 'ఎవరి నుంచి' అన్నచోట యంత్రం అని రాశాను. 'విషయం' అన్నచోట పని మొదలైంది అని రాశాను. 'చర్య' అన్నచోట ఏం రాయాలో తోచక ఆయన్నే అడిగితే, "చూడబడినది అని రాయి" అన్నాడు. పక్క టేబుల్ గుమాస్తా రోజూ ఒకసారైనా అనేవాడు: "అక్కా, మీ మిషన్‌కు జరమొస్తే దాని లీవు చీటీ గూడ ఇన్వర్డేనా?"

నవ్వుకునేవాళ్లు నవ్వుకున్నారు. నేను లెక్క వేశాను. గంటకు పన్నెండు సార్లు, ఇరవై నాలుగు గంటలకు రెండు వందల ఎనభై ఎనిమిది సార్లు. సారికి రెండు సందేశాలు. రోజుకు ఐదు వందల డెబ్బై ఆరు. మిగతా పనులు చేసుకుంటూ, మధ్యాహ్నం సద్ది పావుగంటలో ముగించుకుని నేను రాయగలిగింది రోజుకు నూట యాభై. అంటే రోజూ నాలుగు వందల ఇరవై ఆరు మిగిలిపోతాయి. తొలి రెండు రోజులు రాయని మూడు వందలను మూడో, నాలుగో రోజుల్లో మిగతా పనులు పక్కన పెట్టి రాసేశాను. యంత్రం పెట్టిన కంపెనీ ఇంజనీరును ఫోన్‌లో హద్దు ఎంత అని అడిగితే, మీ సందేశాలైతే పదివేలు పడతాయి అన్నాడు. ఇరవై మూడు రోజులకు తొమ్మిది వేల ఏడు వందల తొంభై ఎనిమిది. ఇంకా రెండు వందల రెండింటికి చోటుంటుంది. కాబట్టి ఇరవై నాలుగో రోజు ఉదయం ఎనిమిది గంటల ఇరవై ఐదు నిమిషాలకు చీటీలు ఆగిపోతాయి.

ఇదంతా ఐదో రోజునే తెల్లకాగితం మీద రాసి సూపరింటెండెంట్‌కు ఇచ్చాను. ఆయన పూర్తిగా చదివాడు. చదివి, "దీనికి నంబరు ఏది?" అన్నాడు. నా నోటును నేనే ఇన్వర్డ్ చేసి మళ్లీ ఇచ్చాను. దాని మీద "పరిశీలించబడును" అని రాసి ఫైల్లో పెట్టాడు. పన్నెండో రోజు మళ్లీ ఇచ్చాను. పంతొమ్మిదో రోజు మళ్లీ ఇచ్చాను. మూడింటి మీదా ఒకటే మాట. మూడు ఆదివారాలు కూడా సెలవు తీసుకోకుండా వచ్చి రాశాను. ఆ మూడు రాకపోతే ఇరవై నాలుగో రోజు దాకా కూడా ఆగేది కాదు. ఆ సంగతి మెమోలో లేదు.

పదమూడో రోజు ఇంజనీరు ప్రింటర్ రిబ్బన్లు తెచ్చి ఇవ్వడానికి వచ్చాడు. నా రిజిస్టర్ చూసి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"మేడం, ఇవన్నీ చేత్తో రాస్తున్నారా? ఒక్క కమాండ్ కొడితే అన్నీ పోతాయి. రెండు నిమిషాల పని."

"ఆ కమాండ్ కొట్టొద్దని ఆర్డరున్నది. మీరొక పని చెయ్యరాదా? అంతా మంచిగుంటే అది నోరు మూసుకొని ఉండాలె. ఏమన్న చెడితేనే చెప్పాలె. తిన్నప్పుడల్లా తిన్న, తిన్న అని వాడంతా చెప్పుకుంట తిరిగేటోళ్లు ఎవరన్న ఉంటరా?"

"చేయొచ్చు. నాలుగు లైన్లు మార్చాలి, అంతే. కానీ మీ ఆఫీసు నుంచి లెటర్ రావాలి. ఊరికే మారిస్తే మా వాళ్లు ఒప్పుకోరు."

అతన్ని తీసుకుని సూపరింటెండెంట్ దగ్గరకు వెళ్లాను. ఆయన ఇద్దరి మాటా విన్నాడు.

"చెడిపోయినదాన్ని బాగు చెయ్యమని రాస్త. చెడిపోనిదాన్ని బాగు చెయ్యమని ఎట్ల రాయాలె?"

"చెడిపోతది సార్. పదకొండు రోజులల్ల."

"చెడిపోయినంక రాస్త."

ఇంజనీరు మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయాడు.

ఇరవై నాలుగో రోజు నేను తొమ్మిదింటికి చేరేసరికి యార్డు నిండి, బండ్లు రోడ్డు మీదికి వచ్చి ఉన్నాయి. ట్రాక్టర్ల మధ్య ఎడ్లబండ్లు ఇరుక్కుని ఉన్నాయి. చీటీలు ఏడూ యాభైకే ఆగిపోయాయట. నా లెక్క ముప్పై ఐదు నిమిషాలు తప్పింది. ప్రింటర్‌లో కాగితం అయిపోయినప్పుడల్లా వచ్చే సందేశాలను నేను లెక్కలో కలపలేదు. అది నా పొరపాటే, ఒప్పుకుంటాను. మెమోలో ఒప్పుకోమన్నది మాత్రం అది కాదు.

నేరుగా సూపరింటెండెంట్ దగ్గరకు వెళ్లాను.

"సార్, క్యూ నిండింది. తుడిచేస్త. పర్మిషన్ ఇయ్యండి."

"ఎన్ని రాయాల్సినవి ఉన్నయ్?"

"పదివేలు."

"ఇంకిద్దరు గుమాస్తాలనిస్త. ముగ్గురు కూసొని రాయండి."

"ముగ్గురం రోజుకు నాలుగు వందల యాభై రాస్తం. ఇరవై మూడు రోజులు పడతది. అప్పటిదాక ఆ బండ్లు అక్కడనే ఉంటయా?"

ఆయన ఒక ఉపాయం చెప్పాడు. రెండు రాసి, రెండు తుడిచి, ఆ ఖాళీలో యంత్రాన్ని ఒకసారి నడిపించమన్నాడు. అదీ చేసి చూశాను. నేను రెండు తుడవగానే, అప్పటికే తలుపు దగ్గర కాచుకుని ఉన్న ప్రింటర్ సందేశాలు వచ్చి ఆ చోటులో కూర్చున్నాయి. చీటీల పని మళ్లీ నిలబడిపోయింది. నిలబడిపోయినదాన్ని ఆపి, మళ్లీ మొదటి నుంచి లేపడానికి పావుగంట. మూడు సార్లు అలా చేశాక పదకొండయింది. చేత్తో చీటీలు రాసి పంపుదామంటే, వరుస నంబర్లు తప్పుతాయని దానికీ ఒప్పుకోలేదు.

పన్నెండింటికి ఇంకో దారి చెప్పాను. పదివేల సందేశాలూ ప్రింటర్ మీద అచ్చు వేసి, అన్నీ కలిపి కట్టి, ఆ కట్టకు ఒక ఇన్వర్డ్ నంబరు వేస్తాను, ఒక్క సందేశమూ పోదు అన్నాను.

"ఒక కాగితానికి ఒక నంబరు. కట్టకు నంబరు ఏసే పద్ధతి మన ఆఫీసుల లేదు" అని ఆయన అన్నం తినడానికి వెళ్లాడు.

కిటికీ అవతల ఒక ముసలి రైతు నిలబడి ఉన్నాడు. ఎడపల్లి మనిషి. బస్సులో అప్పుడప్పుడు కనబడేవాడు. రాష్ట్ర సరిహద్దు అవతల నుంచి వచ్చిన కోత కూలీలతో మొన్ననే చెరుకు కొట్టించాడట. కొట్టిన చెరుకు రోజు గడిచినకొద్దీ ఎండి తేలికవుతుంది. ఇది ఆ ప్రాంతంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆయన కిటికీ ఊచలు పట్టుకుని అడిగాడు.

"ఓ అమ్మా, పొద్దటి సంది సూస్తున్న. చీటీలైతే రాస్తలేవు. మరేం రాస్తున్నవే?"

"మిషన్ చెప్పిన మాటలు రాస్తున్న బాపు."

"ఏమంటది?"

"పని పూర్తయిందంటది."

ఆయన వెనక్కి తిరిగి బండ్ల వైపు చూశాడు. మళ్లీ నా వైపు తిరిగాడు.

"పూర్తయితే నా బండి గీడెందుకున్నది?"

నేను నా చేతుల వైపు చూసుకున్నాను. పద్నాలుగేళ్లు టైపు కొట్టిన చేతులు, ఇరవై మూడు రోజులుగా అబద్ధం కాని ఒక మాటను మూడు వేల నాలుగు వందల యాభై సార్లు రాసిన చేతులు. అందులో ఒక్కటి కూడా ఆయనకు పనికి రాదు.

రెండూ ఐదుకు ప్రింటర్‌లో కొత్త కాగితం పెట్టాను. పదివేల వరుసలు, నూట ఎనభై రెండు పేజీలు, నలభై నిమిషాలు. రెండూ నలభై ఐదుకు కట్ట కట్టి పురికొస ముడివేశాను. ఆ తర్వాత కమాండ్ కొట్టి క్యూ మొత్తం తుడిచాను. రెండూ యాభైకి మొదటి చీటీ వచ్చింది. సూపరింటెండెంట్ అప్పుడు గదిలోనే ఉన్నాడు. ప్రింటర్ చప్పుడు నలభై నిమిషాలూ విన్నాడు. ఆపమనలేదు. సరేననీ అనలేదు.

మర్నాడు పది గంటలకు మెమో ఇచ్చాడు.

పక్కకు పిలిచి నెమ్మదిగా కూడా చెప్పాడు. "ఒక్క సంతకమే గదమ్మా. పైనుంచి అడిగిండ్రు, ఏదో ఒకటి చూపియ్యాలె. ఫైలు మూసేద్దాం. నీకేం కాదు."

"నాకేం కాకపోతే మీరే చెయ్యండి సార్ ఆ సంతకం."

సంతకం చేయలేదు. ఐదు పేజీల జవాబు రాసిచ్చాను. వారం తర్వాత పెద్ద మేనేజర్ గదికి ఇద్దరినీ పిలిచారు. రిజిస్టర్, నా మూడు నోట్లు, నూట ఎనభై రెండు పేజీల కట్ట బల్ల మీద పెట్టాను. మేనేజర్ రిజిస్టర్ తిప్పుతూ పోయాడు.

"అన్నిట్లోనూ ఇదే మాటా?"

"అవును సార్. చీటీలు ఆగిన రోజువి కాక నూట ముప్పై ఎనిమిది పేజీలు. పేజీకి ఇరవై ఐదు. ప్రతి పేజీ కింద సూపరింటెండెంట్ సార్ పొట్టి సంతకం ఉన్నది."

మేనేజర్ ఆయన వైపు చూసి, "మీరు ఇవన్నీ చదివారా?" అని అడిగాడు.

"చూసిన సార్" అన్నాడు ఆయన.

మేనేజర్ నవ్వాడు. ఆ నవ్వు నన్ను మెమో కంటే ఎక్కువ మండించింది. యార్డులో ఏడు గంటలు ఎండలో నిలబడ్డవాళ్లెవరూ నవ్వలేదు. నవ్వు అయ్యాక ఆయన ఉత్తరం రాయించాడు. ఇంజనీరు వచ్చి నాలుగు లైన్లు మార్చిపోయాడు. ఆ తర్వాత సందేశాలు రోజుకు మూడో నాలుగో వచ్చేవి, అవీ ఏదైనా చెడితేనే. అంటే నేను చెప్పిందే చేశారు. చేసి, నా మెమోను మాత్రం "హెచ్చరికతో ముగించడమైనది" అన్నారు. హెచ్చరిక అందినట్టు సంతకం పెట్టమన్నారు.

"దేనికి హెచ్చరిక సార్? తుడిచినందుకా, తుడవనందుకా?"

"ఇప్పుడు అదంతా ఎందుకమ్మా?" అన్నాడు మేనేజర్.

"కాగితం మీద ఉన్నది కాబట్టి" అన్నాను. సంతకం పెట్టలేదు.

ఇక్కడ మా ఆఫీసు పద్ధతి సూపరింటెండెంట్ ఊహించని చోటికి నడిచింది. అందుకున్నవాళ్ల సంతకం లేనిదే ఏ కాగితమూ ముగియదు. ముగియని కాగితాలన్నిటినీ నెలాఖరున పెండింగ్ జాబితాలో సూపరింటెండెంట్ స్వయంగా రాసి పైకి పంపాలి. ఆ డిసెంబర్ జాబితాలో నా మెమో రాశాడు. జనవరిలో మళ్లీ రాశాడు. ప్రతి నెలా ఆఖరు రోజున నా టేబుల్ దగ్గరకు వచ్చి, "ఏమంటవమ్మా?" అనేవాడు. "అదే సార్" అనేదాన్ని. వెళ్లి రాసుకునేవాడు. మేనేజర్ మారాడు, ఇంకో మేనేజర్ వచ్చాడు. జాబితా మాత్రం మారలేదు. నాకూ నష్టం లేకపోలేదు. మెమో పెండింగ్‌లో ఉందని రెండుసార్లు పై శిక్షణకు నన్ను పంపలేదు. నాకంటే తక్కువ సర్వీసు ఉన్న ఇద్దరిని పంపారు. ఆ రెండు తేదీలూ రాసి పెట్టుకున్నాను.

నలభయ్యో నెల, మార్చి ఆఖరున, ఆయన రిటైరవుతున్నాడు. చార్జి అప్పగించాలంటే పెండింగ్ జాబితా ఖాళీగా ఉండాలి. మిగతావన్నీ ముగించాడు. ఒక్కటే మిగిలింది. మధ్యాహ్నం తనే కుర్చీ లాక్కొచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. చేతిలో కాగితం. "కాలం చెల్లినందున మెమోను మూసివేయడమైనది" అని రాసుకొచ్చాడు.

"కాలం చెల్లిందని నేను ఒప్పుకోను సార్."

"మరి ఏం రాయమంటవ్? తప్పు నాదని రాయమంటవా? ముప్పై ఆరేండ్ల సర్వీసమ్మా. ఇయ్యాల పొద్దుగూకితే అయిపోతది."

"మీదని రాయకండి. నాది కాదని రాయండి."

ఆయన కాగితాన్ని బల్ల మీద పరిచాడు. కలం మూత తీశాడు, పెట్టాడు. పక్క టేబుల్ గుమాస్తా ఊరికే ఫైళ్లు సర్దుతున్నట్టు నటిస్తూ చెవులు ఇటే పెట్టాడు. చివరికి మొదటి వాక్యం కొట్టేసి, దాని కింద రాశాడు: "విచారణలో ఆపరేటర్ తప్పు లేదని తేలినందున మెమోను ఉపసంహరించడమైనది." సంతకం, తేదీ. కొట్టివేత పక్కన కూడా చిన్న సంతకం. ఆ విషయంలో ఆయన్ని ఎవరూ తప్పు పట్టలేరు.

రెండుసార్లు చదివాను. ఇన్వర్డ్ నంబరు వేసి, అందినట్టు సంతకం పెట్టాను.

"నాకొక నకలు కావాలె సార్."

"నకలుకు అర్జీ పెట్టుకోవాలె గదమ్మా" అన్నాడు, మామూలుగా, ఎప్పటిలాగే.

అర్జీ రాశాను. నంబరు వేశాను. ఆయన చదివి, "మంజూరు" అని రాసి సంతకం పెట్టాడు. గడియారంలో ఐదూ పది. ఆ ఆఫీసులో ఆయన పెట్టిన ఆఖరి సంతకం అది.